సమయాభావం వల్ల

ప్రింటరులోంచి అప్పుడే తీసిన కాగితం కాసేపు వెచ్చగా ఉంటుంది. కుప్పం దగ్గర మా మండల పరిషత్తు ఆఫీసులో ఈ ఉదయం జూనియర్ అసిస్టెంటు మునెప్ప అలాంటి వెచ్చటి కాగితాలు నా బల్ల మీద పెట్టాడు. పోయిన సర్వసభ్య సమావేశపు మినిట్స్, రాబోయే సమావేశపు అజెండా. చదువుతూ పోతుంటే పన్నెండో అంశం దగ్గర నా వేలు ఆగిపోయింది. ‘సమయాభావం వల్ల చర్చకు రాలేదు’ అని ఉంది. ఆఫీసు కాగితాల్లో రోజూ కనిపించే మాటే, ఎవరి మీదా నింద పడకుండా రాసుకునే మాట. అయినా అది చూస్తే ఈ వయసులో కూడా నాకు చెవులు వేడెక్కుతాయి. దాన్ని నేను మొట్టమొదట రాసింది తొమ్మిదో తరగతిలో. అది రాసినా నన్ను ఒక్క మాట అనని ఎస్తేరమ్మ టీచరు గురించి చెప్పాలనిపిస్తోంది.

ఆమె మదనపల్లెలో మా ఆడపిల్లల బడిలో సోషల్ చెప్పేది. సొంతూరు పుంగనూరు. రోజూ బస్సులో వచ్చి బస్సులో పోయేది. ఒక గుడ్డసంచిలో టిఫిన్ డబ్బా, బైబిలు, దాని పక్కనే పార్లమెంటు సభా నియమాల పుస్తకం ఉండేవి. రెండింటికీ ఒకే రకం అట్ట వేసుకునేది. ప్రార్థనలో ఏది తీస్తుందో అని మేము వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్లం. ఆమె గట్టిగా అరవడం నేను ఎన్నడూ వినలేదు. కోపం వస్తే సుద్దముక్క బల్ల మీద పెట్టి కిటికీలోంచి బయటికి చూసేది. మాకు దానికంటే దెబ్బలే నయమనిపించేది.

శుక్రవారం ఆఖరి పీరియడు మాకు క్లాసు పార్లమెంటు. మొదటి రోజే జెండా గురించో, సినిమాల గురించో వాదించుకోవచ్చని ఎగురుకుంటూ వచ్చి కూర్చున్నాం. ఆమె ఒప్పుకోలేదు. “ఆరు నెలలకు మించి కలవకుండా ఉండొద్దని రాజ్యాంగం పార్లమెంటుకు సెప్పింది. ఎవరు ముందు మాట్లాడల్ల, ఎవరికి ఎంతసేపు, ఏ అంశం ఏ పొద్దు, అవన్నీ మీరే రాసుకోండి అనింది. ఇల్లు కట్టుకున్నోళ్లే తలుపు యాడ పెట్టుకోవల్లో తేల్చుకోవల్ల గదమ్మా,” అంది. మూడు వారాలు నియమాలు రాయడమే సరిపోయింది. నాకైతే ఒళ్లు మండింది. కానీ నన్ను స్పీకరుగా ఎన్నుకున్నాక ఆ మంట చల్లారిపోయింది. మా నాయన టమోటా మండీలో వేలం పాడేవాడు, ఆ గొంతే నాకూ వచ్చింది. గొంతు పెద్దదని ఎన్నుకున్నారు తప్ప బుద్ధి పెద్దదని కాదు.

అసలు పార్లమెంటులో ఏ చర్చకు ఎంత సమయమివ్వాలో సూచించడానికి ఒక సలహా సంఘం ఉంటుంది. మేమూ ఒకటి పెట్టుకున్నాం. నేను, ఇంకో ముగ్గురు. గురువారం కూర్చుని మర్నాటి అంశాల వరస రాసేవాళ్లం. మా నలుగురి ఇళ్లూ బడికి కూతవేటు దూరంలో ఉండేవని అప్పట్లో మాకు తట్టనే లేదు. తంబళ్లపల్లె దిక్కు నుంచి వచ్చే రెడ్డెమ్మ ఒక అంశం రాసిచ్చింది. ‘బడి ఇరవై నిమిషాలు ముందు వదలాలి.’ బడి వదిలేది నాలుగున్నరకు, వాళ్ల ఊరి బస్సు బస్టాండులో బయల్దేరేదీ నాలుగున్నరకే. రోజూ ఆఖరి పీరియడు సగంలో లేచి పరిగెత్తాలి. అలా ఆ దిక్కు పిల్లలు ఏడుగురు ఉండేవాళ్లు. బస్సు దాటిపోతే చదువు మాన్పిస్తానని వాళ్ల నాయన అన్నాడట. ఆ అంశాన్ని మేము అన్నిటికంటే కింద రాశాం. వార్షికోత్సవంలో ఏ నాటకం వెయ్యాలన్నది పైన రాశాం.

మొదటి శుక్రవారం రెడ్డెమ్మ వంతు వచ్చేసరికి ఆ పిల్ల బస్టాండుకు పరిగెత్తుతూ ఉంది. ‘ప్రతిపాదించినవారు సభలో లేరు’ అని రాసి పక్కన పెట్టాను. రెండో శుక్రవారమూ అంతే. ఆ మధ్యలో ఒకరోజు వచ్చి, “అక్కా, నాది ముందర పెట్టు అక్కా, రెండే రెండు మాటలు సెప్పి పోతా,” అంది. నాకంటే రెండు నెలలే చిన్నది, అయినా స్పీకరునని అక్కా అనేది. “వరస మార్చాలంటే రెండు రోజుల ముందు నోటీసియ్యల్ల. మనం రాసుకున్న రూలే గదా,” అన్నాను. ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. మూడో శుక్రవారం రెడ్డెమ్మ లేవలేదు. నాలుగు దాటింది, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. నాటకంలో రాణి వేషం ఎవరిదన్న వాదన తెగలేదు. బడి వదలడానికి ఇంకా ఐదు నిమిషాలు ఉండగానే, గోల భరించలేక, “సభ వాయిదా!” అని బల్ల గుద్దాను. రెడ్డెమ్మ నన్ను ఒకసారి చూసి లేచి పోయింది. ఆ రోజు మినిట్స్‌లో అందంగా గుండ్రటి అక్షరాలతో రాశాను, ‘సమయాభావం వల్ల చర్చకు రాలేదు’ అని.

సోమవారం రెడ్డెమ్మ రాలేదు, మంగళవారమూ రాలేదు. బుధవారం టీచరు మినిట్స్ పుస్తకం తీసి చదివింది. చదివి సుద్దముక్క బల్ల మీద పెట్టింది, కిటికీ వైపు చూసింది. తర్వాత, “స్పీకరమ్మా, మీ నాయన్నడిగి శనివారం నాతో రా,” అంది. శనివారం ఇద్దరం బస్సెక్కాం. కురబలకోట దాటాక, ఎండిన చేలు, గొర్రెల మందలు. దారంతా ఆమె ఒక్క మాటే అంది. “నేనూ బస్సుదాన్నే గదా పాపా. నాకు యాల తోసలేదో, ఎందుకు తట్టలేదో!”

రెడ్డెమ్మ వాళ్ల నాయన బోరు దగ్గర ఉన్నాడు. టీచరును చూసి తలగుడ్డ తీశాడు. “సదువంటే నాకు కోపమా అమ్మా? ఆ పొద్దు బస్సు పాయె. బిడ్డ ఎవురి ట్రాక్టరో ఎక్కి సగం దావ వచ్చె, మిగతాది నడిసొచ్చె. మేము దావెంబడి ఎతుక్కుంటా ఏడిసినాము. ఇంక మావల్ల కాదు తల్లీ,” అన్నాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. టీచరు చేతులు జోడించింది. “తప్పు పాపది గాదప్పా. మా బడిది. మాట్లాడనిస్తామని కూసోబెట్టి మాట్లాడనియ్యలేదు,” అంది. ఆమె ‘మా’ అన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. గొర్రెల దొడ్డి పక్కన నిలబడిన రెడ్డెమ్మ నా దగ్గరికి వచ్చి, “ఏడవొద్దక్కా. ఆ పొద్దు నేనే ముందుగా లేసి పోవల్సింది,” అంది. నన్ను తిట్టినా బాగుండేది.

సోమవారం మధ్యాహ్నం అన్నం పీరియడులో సభ కూర్చుంది. టీచరు తన డబ్బా విప్పకుండా వెనక బెంచీలో కూర్చుంది. మేము మొదట మా నియమం మార్చుకున్నాం. సభ మధ్యాహ్నమే కలవాలని, దూరం ఊరి సభ్యుల అంశాలే ముందు రావాలని. రెడ్డెమ్మ కాగితం నేనే చదివాను. ఒక్కరూ కాదనలేదు. హెడ్‌మిస్ట్రెస్ ఆ తీర్మానానికి ఒప్పుకుని, మరుసటి వారం నుంచి బడి ఇరవై నిమిషాలు ముందు వదిలింది. ఆ దిక్కు పిల్లలు ఆరుగురు పది పాసయ్యే దాకా ఆ బస్సులో నింపాదిగా పోయారు. రెడ్డెమ్మ మాత్రం తిరిగి రాలేదు. టీచరు ఇంకో రెండుసార్లు పోయి అడిగింది. వాళ్ల నాయన మనసు మారలేదు.

ఉద్యోగం వచ్చినప్పుడు ఆర్డరు చూపించడానికి పుంగనూరు పోయాను. టీచరు కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి అక్షరం చదివింది. లోపలికి పోయి ఆ పాత మినిట్స్ పుస్తకం తెచ్చింది. “మీటింగులు రాసే పనేనంట గదా. ఇది నీ కాడ ఉండనీ,” అంది. బస్సులో కూర్చుని ఆ పేజీ తీశాను. నా గుండ్రటి అక్షరాల్లో ‘సమయాభావం’ కింద ఎర్రసిరాతో ఒక గీత. పక్కన ఆమె సన్నటి రాత, రెండే మాటలు: ‘ఎవరి సమయం?’ అన్నేళ్లూ ఆ ప్రశ్న నన్ను అడగకుండా దాచిపెట్టుకుంది. పోయినేడు ఆమె పోయింది. సమాధి దగ్గర మట్టి వేస్తున్నప్పుడూ ఆ రెండు మాటలే గుర్తొచ్చాయి.

ఈ ఉదయం మునెప్పను పిలిచి, పన్నెండో అంశం ఎవరిదని అడిగాను. గుడుపల్లె అవతల, అడవంచు ఊరి సభ్యురాలిదట. తాగునీళ్ల సంగతి. పోయిన రెండు సమావేశాల్లోనూ ఆమె వంతు రాకముందే లేచి పోయిందట.

“యాల లేసి పోయిందప్పా?” అన్నాను.

“మూడు గంటలకు బస్సు మేడమ్. అది పోతే వాళ్లూరికి ఇంకోటి లేదు.” కాగితం వైపు చూసి, “సమయాభావం అని అందురూ రాసేదే గదా మేడమ్?” అన్నాడు.

ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట, ‘సభ్యురాలికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు’ అని నా చేత్తో రాశాను. రాబోయే అజెండాలోనూ పన్నెండోదిగానే ఉన్న ఆ అంశాన్ని ఒకటి చేసి, మళ్లీ ప్రింటు తీయమన్నాను. కాగితం వెచ్చగా వచ్చింది. మొదటి వరసలో ఆమె పేరు సరిగా పడిందో లేదో రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టాను.