ఓకే అన్నాకే ప్రింటు

హాలియాలో మాది ఫ్లెక్సీల దుకాణం. అందులో నాదొక్కటే నియమం: ఆర్డరు ఇచ్చిన మనిషి వాట్సాప్‌లో డిజైను చూసి ఓకే అనాలి, ఆ తరువాతే ప్రింటు. ఆ మనిషి భార్య వేరుగా, అత్త వేరుగా ఫోన్ చేసి మార్పులు చెబితే వినను. డిగ్రీ చదివి ఈ మొండితనం నేర్చుకున్నావా అంటాడు మా ఆయన. గుర్తున్నది అదొక్కటే మరి.

ఒక రైతు కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ చెప్పాడు. మధ్యలో పిల్ల, పక్కనే గుండ్రంలో చీరె పెట్టే మేనమామ, కింద అమ్మానాన్నలు, చుట్టాలు. ఓకే కూడా అన్నాడు. తెల్లారితే ఫంక్షన్ అనగా దుకాణానికి వచ్చాడు.

"మా బామ్మర్ది ఫోటో తీసెయ్యక్కా."

కాలువ నీళ్ల కాడ ఇద్దరికీ మాటామాటా పెరిగిందట.

"తీస్తే ఆ జాగల ఏం పెట్టాలె?"

"నా ఫోటో పెట్టు. జర పెద్దగ."

ఆయన అటు వెళ్లగానే భార్య ఫోన్.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. ఫోటో లేకుంటే మా తమ్ముడు గేటు దాటడు. నా బిడ్డకు చీరె ఎవరు పెడ్తరు?"

"ఆర్డరు మీ ఆయనది చెల్లె. ఆయనతోటి చెప్పియ్యి."

"ఆయన ఇంటడా? నువ్వూ ఆడదానివే గదా!"

"దుకాణంల కూసున్నప్పుడు కాదు."

ఆయన చెప్పింది చెప్పినట్టే చేశాను. గుండ్రంలోంచి బామ్మర్దిని తీసి ఆయన్ని పెట్టాను. దాని కింద 'మేనమామ' అని పెద్దక్షరాలు ఉన్నాయి. అవి మార్చమని ఆయన అనలేదు. పంపాను.

వెంటనే ఫోన్.

"ఏందక్కా గిది! నా బిడ్డకు నన్నే మేనమామను చేస్తవా? ఊరంత నవ్వదా?"

"అయితె 'నాయిన' అని రాస్త. కింద ఇంకో నాయిన ఉన్నడు మరి. మేనమామ ఏడీ అని అడిగినోళ్లకు నువ్వే చెప్పుకో. జల్ది చెప్పు, మిషన్ బందు చేసే టైమైంది."

ఫోన్‌లో ఆయన వెనక భార్య గొంతు ఆగకుండా వినపడుతోంది.

"పాతదే కొట్టు," అన్నాడు చివరికి.

"గా ముక్క వాట్సాప్‌ల పెట్టు."

పెట్టాడు.

మర్నాడు ఫ్లెక్సీ నేనే తీసుకుపోయి గేటుకు కట్టించాను. బామ్మర్ది చీరె పళ్లెంతో వచ్చి, గేటు బయటే ఆగి, తన బొమ్మను పైకీ కిందికీ చూశాడు. లోపల నుంచి వాళ్లక్క అతన్నే చూస్తోంది.

"గీ ఫోటో ఎవరిచ్చిండ్రు? గప్పుడు నాకు మీసాలే రాలె!"

"మీ బావనడుగు తమ్మీ. ఓకే పెట్టింది ఆయనే."

"అడుగుత, నాకేం భయమా!" అంటూ గేటు దాటాడు.