దూది పెట్టకముందు వినపడిన చప్పుడు

ఈ మాట నేను ఇప్పటికి ఆరుసార్లు అడిగాను. మూడుసార్లు ఎదురుగా, అందులో ఒకసారి నోట్లో దూది ఉంటే చేతి సైగతో. రెండుసార్లు ఫోన్‌లో. ఒకసారి కాగితం మీద. ఎప్పుడడిగినా నొప్పి ఎలా ఉందని తిరిగి నన్నే అడిగారు. నేను అడిగింది నొప్పి గురించి కాదు. కాగితమైతే అందిందని చెప్పిన దిక్కు కూడా లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్ కింద, రెండో బేస్‌మెంట్‌లో ఏసీ మిషన్లు చూసుకునే మెకానిక్‌ని నేను. పైన కూర్చునేవాళ్లకు కింద మేమున్నామని తెలిసేది చల్లదనం ఆగినప్పుడే. పదిహేడేళ్లుగా బోల్టులు విప్పడం, బిగించడం నా పని. తుప్పుపట్టిన బోల్టు స్పానర్‌కు లొంగి కదిలే చప్పుడు వేరు. తల తెగి, కాడ లోపలే ఉండిపోయే చప్పుడు వేరు. ఆ రెండోది పొట్టిగా, పొడిగా ఉంటుంది. దాంతోపాటే చెయ్యి ఒక్కసారిగా తేలికైపోతుంది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బోల్టు లోపల విరిగితే, విరిచినవాడే ఆ సంగతి ఎర్ర చీటీ మీద రాసి మిషన్‌కు కట్టి వెళ్లాలి. తర్వాతి షిఫ్టువాడు తెలియక మిషన్ నడిపితే పోయేది వాడి చెయ్యి.

కింది దవడలో ఎడమవైపు పన్ను ఒకటి నెలరోజులు పీడించింది. మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో, ఫోన్లు అమ్మే దుకాణం పైన ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్లాను. నా తర్వాత వచ్చిన ఇద్దర్ని, మెడలో ఐడీ కార్డులున్నవాళ్లను, నాకంటే ముందు పిలిచారు. అదీ నాకు గుర్తుంది. కానీ ఇక్కడ నా ప్రశ్న అది కాదు.

డాక్టరు నలభై దాటిన మనిషి. కోస్తావైపు మాట, మర్యాదగానే మాట్లాడాడు.

"కంగారు పడకండి. ఇంజెక్షన్ ఇచ్చాక ఏమీ తెలియదండి. లాగినట్టు ఉంటుంది, అంతే."

పెదవి, సగం నాలుక మొద్దుబారాయి. పటకారుతో పన్ను పట్టి అటూ ఇటూ కదిలించాడు. నొప్పి లేదు, నిజమే. కానీ చెవులకు మత్తు ఇవ్వలేదు కదా. పుర్రె లోపలి నుంచి వినపడింది. టక్. పొట్టిగా, పొడిగా. డాక్టరు చెయ్యి తేలికైంది. అతను పక్కన నిలబడ్డ నర్సు వైపు చూశాడు, ఆమె అతని వైపు చూసింది. రెప్ప వేసి తెరిచినంత సేపు. నాకది చాలు. ఆ తర్వాత సన్నని పరికరం ఒకటి తీసుకుని లోపల కాసేపు వెతికాడు. బయట ఇంకా జనం ఉన్నారని ఎవరో తలుపు తీసి చెప్పారు. వెతకడం ఆపేశాడు.

"అయిపోయిందండి."

విరిగిందా అని అడగబోయాను. అప్పటికే నర్సు దూది ఉండ పెట్టి నా దవడ మూసింది. "గట్టిగా కరిచి పట్టుకోండి. గంటసేపు మాట్లాడొద్దు, ఉమ్మొద్దు." రెండు చేతుల వేళ్లతో పుల్ల విరిచినట్టు సైగ చేసి చూపించాను. "ఆ, వచ్చేసింది, వచ్చేసింది. నొప్పేం లేదుగా?" అని నవ్వింది. పన్ను చూపించమని ట్రే వైపు వేలు చూపాను. అది అప్పటికే చెత్త వేసే పసుపు సంచిలోకి పోయింది.

ఇంటికి ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలో నా బుగ్గ చూశాడు.

"అన్నా, ఉమ్మాలంటే జర చెప్పు, పక్కకు ఆపుత. బండిల మాత్రం ఉమ్మకు."

జన్మలో గుట్కా ముట్టనివాణ్ని. తల అడ్డంగా ఊపాను. "అందరు గట్లనే అంటరు," అని హఫీజ్‌పేట్ దాకా బుద్ధి చెబుతూనే ఉన్నాడు.

ఇంట్లో నా భార్య రాగి జావ చల్లార్చి పెట్టింది. గంట అయ్యాక దూది తీసి, పన్ను విరిగిందని, ముక్క లోపలే ఉందని చెప్పాను.

"నీకెట్ల ఎరుక?"

"ఇన్న."

"డాక్టరుకు తెల్వంది నీకు తెల్సిందా? అది బోల్టు గాదు, పన్ను."

మూడో రోజుకు తగ్గుతుందన్నారు. మూడో రోజుకు పెరిగింది. ఐదో రోజుకు బుగ్గ ఉబ్బింది, నోట్లో వేలు పట్టడమే కష్టమైంది. ఎంత పుక్కిలించినా పోని కుళ్లు రుచి. మళ్లీ వెళ్లి, ఆ చప్పుడు మీరు విన్నారా సార్, ముక్క మిగిలిందేమో ఎక్స్‌రే తీయండి అన్నాను. "నొప్పి ఎలా ఉంది? కొందరికి ఇలాగే ఉంటుందండి. మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు," అని డాక్టరు మాత్రలు మార్చి పంపాడు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి అదే అడిగితే, నొప్పి ఎలా ఉంది, మాత్రలు వేసుకుంటున్నారా అని రిసెప్షన్‌లో ఆమె అడిగింది.

డ్యూటీకి పోలేకపోయాను. నాలుగు రోజుల తర్వాత వెళితే సూపర్‌వైజర్ అందరి ముందు అన్నాడు. "ఏందిరా, పన్ను పీకిచ్చుకున్నవా, కాన్పయిందా?" షిఫ్టంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో చెప్పగలను.

ఇంట్లో నా భార్య ఇంకో మాట అంది. "నీకు ఎవలో ఒకల మీద కోపముండాలె. గిప్పుడు పన్ను దొరికింది."

అందులో కొంత నిజముంది. నేను మరిచిపోను. పెళ్లిలో నా విస్తరి దాటిపోయిన వడ్డన కూడా నాకు గుర్తే. కానీ మరిచిపోనివాడు అబద్ధాలకోరు కాదు. ఆ పన్నెండు రోజులూ అందరూ నన్ను అలాగే చూశారు.

పన్నెండో రోజు జ్వరం వచ్చింది. నా భార్య నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. నోట్లోకి ఒకసారి చూసి ముందు ఎక్స్‌రేకే పంపింది. తర్వాత కంప్యూటర్ మా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది.

"ఇగో అన్నా, వేరు కొస లోపల్నే ఉంది. ఇంతకుముందు ఎవ్వరు చెప్పలేదా?"

నా భార్య ఆ నల్లటి బొమ్మను చాలాసేపు చూసింది. చిగురు కోసి, ముక్క తీసి, కుట్లు వేశారు. జొన్నగింజ కంటే కొంచెం పెద్దది. అడిగితే కడిగి చిన్న సీసాలో వేసి ఇచ్చారు. బస్సులో నా భార్య కిటికీ వైపు చూస్తూ, "నేను గుడ నమ్మలే. తప్పైంది," అంది. ఆమె మీద నాకిక కోపమేమీ లేదు.

కుట్లు ఊడాక ఆ సీసా పట్టుకుని క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఒక్కోసారి చిన్న ముక్కను వదిలేయడమే మంచిదండి. తవ్వితే నరం దెబ్బతింటుంది."

"కావచ్చు సార్. వదిలేసిన్రా, తెల్వక మిగిలిందా?"

"ఇప్పుడు నొప్పి తగ్గింది కదండీ?"

ఉచితంగా పళ్లు శుభ్రం చేయిస్తానన్నాడు. వద్దన్నాను. వారం తర్వాత అదే ప్రశ్న కాగితం మీద రాసి రిసెప్షన్‌లో ఇచ్చి వచ్చాను.

ఇంకొకటి చెప్పాలి. ఈ పనిలో చేరిన కొత్తలో నేనూ ఒక బోల్టు విరిచాను. భయపడి ఎర్ర చీటీ కట్టకుండా ఇంటికి పోయాను. తర్వాతి షిఫ్టు మనిషికి వేలు చితికింది. చూడటానికి వెళితే, మంచం మీద నుంచి అతను నన్ను ఒక్కటే అడిగాడు. "నీకు ఎరుకేనా?" ఎరుకే అన్నాను. ఏడాదిపాటు అతను నాతో మాట్లాడలేదు. కానీ ఆ ప్రశ్న మళ్లీ అడగాల్సిన అవసరం అతనికి రాలేదు.

చిగురు మానింది. పన్ను లేని చోటికి నాలుక రోజూ పోయి వస్తుంది. సీసా నా టూల్ డబ్బాలో ఉంది. డాక్టరు గారూ, ఇది ఏడోసారి. ఆ చప్పుడు మీరు విన్నారా, లేదా? వింటే విన్నానని చెప్పండి, వినకపోతే వినలేదని చెప్పండి. నొప్పి ఎలా ఉందని మాత్రం అడగకండి.