నా స్క్రూ పండ్లు, గొర్ల మందు

మూతి ఊదా రంగు, మీసాలు ఊదా రంగు, నాలిక ఊదా రంగు... గసుమంటి మొగోన్ని మొన్న నల్లగొండ పండ్ల దవాఖానల అందరు సూసిన్రు. మీరే సూడకపోతిరి! ఎవరనుకున్నరు? నేనే. నవ్వకుండ్రి. ముందుగాల ఛాయ్ తాగుండ్రి, మీద పోసుకుంటరు.

మనది మోత్కూర్ దిక్కు, మీకెరికే గదా. గొర్లు కాస్త, గొర్లు కొంట, గొర్లు అమ్ముత. అంగడిల పొట్టేలు మూతి తెరిచి పండ్లు సూసిన్నంటే, దాని వయసే గాదు, దాని తాత ఏ మందల పుట్టిండో గూడ చెప్త! గంతటోనికి నాకే రెండు పండ్లు ఊడినయ్. పొట్టేలు డీ కొట్టింది. అల్కటి పొట్టేలు అనుకునేరు! దున్నపోతంత ఉంటది. నన్ను కొట్టినంక అదే తల తిరిగి కూలవడ్డది. నమ్మరా? నమ్మకుండ్రి.

నా ఇంటామె బుచ్చమ్మ, "కట్టుడు పండ్లు పెట్టించుకోరాదయ్యా" అన్నది. ఛీ! పండుకునేటప్పుడు గిలాసల ఏసే పండ్లు నాకెందుకు? దవడ బొక్కల స్క్రూ దించి, దాని మీద పన్ను బిగిస్తరట. గవే పెట్టించుకున్న. ఇగ సూడుండ్రి నా దర్జా! నల్లి బొక్కలు పటపట కొరికిన. నా కంచం కాడ ఏం మిగుల్తలేదని మా కుక్క పక్కింటికి వోయి పండుడు షురూ చేసింది. నా గొప్పలు ఇని ఇని మా బావ లింగయ్య గూడ ఒక స్క్రూ పన్ను పెట్టించుకున్నడు.

పన్ను బిగించిన్నాడు డాక్టరమ్మ ఒక్కటే మాట చెప్పింది. "పెద్దాయనా, తంబాకు బంద్ చెయ్యాలె."

"గట్లనే బిడ్డా" అన్న. అని, దవాఖాన మెట్లు దిగంగనే అరిచేతిల తంబాకు, సున్నం ఏసి నలిపిన. ఏం జేస్తం? చిన్నప్పటి సోపతి. పైంగ స్క్రూ పండ్లు వచ్చినంక తంబాకుకు మంచి జాగా దొరికింది. పండ్లకు, బుగ్గకు నడుమ ఇట్ల ఇరికిచ్చిన్నంటే గూటానికి కట్టేసిన మేక లెక్క, ఎటూ పోదు!

గీ మధ్యన గా పండ్ల పక్కపొంటే ఒక పుండు లేసింది. మానది. కారం తింటే సుర్రుమంటది. నేను పట్టించుకోలే. గంతల ఒకనాడు పొద్దుగాలనే లింగయ్య ఫోన్ పట్టుకొని ఉరికొచ్చిండు.

"బావా, కొంప మునిగింది! స్క్రూ పండ్లు పెట్టించుకున్నోల్లకు నోట్ల క్యాన్సర్ వస్తదట! గిండ్ల చెప్తుండు సూడు!"

సూసిన. కోటేసుకున్నోడు ఒకడు చేతులూపుకుంట చెప్తుండు. వీడియో సగంల ఆగింది, నెట్టు లేదు. మనకు సగం చాలదా? మిగిలిన సగం భయమే చెప్పింది.

"ఇనుముది నోట్ల ఉంటే తుప్పు పట్టదా బావా?" అన్నడు లింగయ్య.

"ఇనుము గాదురా, అదేదో టైటానో ఏందో."

"ఏదైతేంది? నీ మాటిని నేను గూడ పెట్టించుకుంటి! నాకేమన్న అయితే మా చెల్లెకు చెప్త నీ సంగతి!"

వాని చెల్లె ఎవరో గాదు, నా బుచ్చమ్మే. క్యాన్సర్ ఒక దిక్కు, బుచ్చమ్మ ఒక దిక్కు. నా పానం యాడుంటది?

గప్పుడు నా బుర్ర పని చేసింది. పని చేయకుంటే బాగుండు. ఆనకాలంల గొర్ల నోర్లకు పుండ్లయితే పశువుల దవాఖానోల్లు ఊదా మందు ఇచ్చిన్రు. పూసిన. మానినయ్. సీసల ఇంక సగం ఉన్నది. గొర్రె నోరు మానంగ నా నోరు మానదా? పుల్లకు ఉన్ని సుట్టి ముంచిన, పుండు మీద రుద్దిన. సల్లగ కొట్టింది. బాగుందని ఇంకింత. గంతల తుమ్ము వచ్చింది! సీస వొంగింది. మూతి, మీసాలు, గదుమ, అంగీ, అన్ని ఊదానే!

బుచ్చమ్మ సబ్బువెట్టింది, నిమ్మకాయ రుద్దింది, ఆఖరికి బోళ్లు తోమే పీచు గూడ వట్టింది. తోలు పోయేటట్టున్నది గని రంగు పోలే.

"నడువు దవాఖానకు," అన్నది. "గొర్ల దవాఖానకా, మనుషుల దవాఖానకా, నువ్వే చెప్పు!"

ముగ్గురం బస్సెక్కినం. తువ్వాల మూతికి కట్టుకున్న. టికెట్ అడగనీకె తువ్వాల కిందికి గుంజంగనే కండక్టర్ నోరు తెరిచిండు. "పెద్దాయనా, ఏమైంది?"

"నేరేడు పండ్లు తిన్న బిడ్డా."

"గీ సలికాలంలనా?"

బస్సంత నవ్వింది. అందరికన్న గట్టిగ నవ్వింది ఎవరు? లింగయ్య!

డాక్టరమ్మ నన్ను సూసి అడుగు ఎన్కకు ఏసింది. ఊదా మందు సంగతి చెప్పిన. తల పట్టుకున్నది. "రంగు ఏసుకొస్తే పుండు నాకెట్ల కనవడాలె పెద్దాయనా?" అనుకుంట దూది వట్టి తుడిచింది, లైటు ఏసింది, అద్దం పెట్టింది. నేను నోరు తెరిచి కూసున్న. అంగడిల పొట్టేలుకు ఎట్లుంటదో గప్పుడు సమజైంది. అది ఎగిరి తంతది, నాకు గా హక్కు గూడ లేదు!

"తంబాకు బంద్ చేసిన్రా?"

"ఎప్పుడో బిడ్డా!"

చిమ్టతోని స్క్రూ పండ్ల ఎన్కకెల్లి ఒక ముద్ద గుంజింది. ఊదా రంగు తంబాకు. పొద్దుగాలదే. నా మొఖం ముందట పెట్టి అడిగింది: "మరి గిదేంది?"

బుచ్చమ్మ నన్నొక సూపు సూసింది. లింగయ్య కిసుక్కుమన్నడు. "మీరు గూడ తెరుండ్రి," అన్నది డాక్టరమ్మ. వాని నవ్వు గక్కడనే ఆగింది. వాని బుగ్గల గూడ ఉన్నది!

"స్క్రూ పన్నుకే క్యాన్సర్ వస్తదని రుజువేం లేదు," అన్నది డాక్టరమ్మ. "శాన అరుదుగ కొందరికి గా పండ్ల పక్కన వచ్చింది. గండ్ల శానమంది తంబాకో, సిగరెట్టో, తాగుడో అలవాటు ఉన్నోల్లు. లేకుంటే ముందుగాలనే నోట్ల రోగం ఉన్నోల్లు. మీ పండ్లు గట్టిగనే ఉన్నయ్. నా ఫికరంత మీ బుగ్గ మీద. తెల్ల మచ్చ గూడ ఉన్నది. పుండు కాడ చిన్న ముక్క తీసి టెస్టుకు పంపుత."

ముక్క తీసింది. ఇంటికొచ్చినం. గా రిపోర్ట్ వచ్చేదాంక నా సంగతి అడగకుండ్రి. అంగడికి పోలే. గొప్పలు కొట్టలే. మందల కూసొని గొర్లను సూసుకుంట ఉన్న. అవి నెమరేస్తుంటే గూడ ఏడుపొచ్చింది, ఎంత నిమ్మలంగ నములుతున్నయని. బుచ్చమ్మ జొన్న జావ గాసి ఇచ్చింది. ఒక్క మాట తిట్టలే. పెండ్లయిన కానుంచి తిట్టకుండ ఉన్నది గప్పుడే. గదే నాకు రిపోర్ట్ కన్న ఎక్కువ భయమైంది!

ఒకనాడు పగటిపూట ఫోన్ మోగింది. బుచ్చమ్మే ఎత్తి స్పీకర్ పెట్టింది. డాక్టరమ్మ!

"అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. క్యాన్సర్ గాదు. గని ఇప్పుడన్న తంబాకు మానకపోతే, రేపేమన్న అయితే నాది జిమ్మేదారి గాదు."

బుచ్చమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. లింగయ్య నన్ను అలుముకున్నడు. నాకైతే పానం లేసొచ్చింది! గా ఖుషిల ఏం జేస్తున్ననో నాకే తెల్వదు. సూస్తే ఏముంది... ఎడమ అరిచేతిల తంబాకు, బొటనేలు దాన్ని నలుపుతాంది. పక్కన లింగయ్య, "నాకు గూడ జరంత" అని చెయ్యి జాపిండు!

బుచ్చమ్మ సూసింది. తిట్టలే. ఫోన్ ఇంక కట్ గాలే. గండ్లనే అన్నది: "బిడ్డా, ముక్క తప్పు జాగల తీసినవ్. గీయన తలకాయలకెల్లి తియ్యరాదు, మెదడుది?"

గక్కడికెల్లి డాక్టరమ్మ అన్నది: "ఉంటేనే గదమ్మా, తీసేది!"