ఎండకు దుప్పటి కప్పిన సెనోబియా

ఎత్తైన కొండల మీది కుపిస్కా ఊళ్ళో సెనోబియా ఆయవీరెకు పిరికిదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. చిన్నప్పుడు ఒకసారి తండ్రి వెంట, ఉన్ని కోసం పెంచే లామా జంతువుల మందను తోలుకుని కొండ మీదికి వెళ్ళింది. ఉన్నట్టుండి వేసవి వాన ముంచుకొచ్చింది. మందను మళ్ళించడానికి తండ్రి ముందుకు పరుగెత్తాడు. ఆమె బండ కింద నక్కింది. పిడుగు పడ్డప్పుడు చప్పుడేమీ వినపడలేదు, తెల్లటి వెలుగొక్కటే కనపడింది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే తండ్రి బోర్లా పడి ఉన్నాడు. పక్కనే ఆయన టోపీ కమురు వాసన కొడుతోంది. పిడుగు ఆయన్ని కోరి తీసుకుందన్నారు ఊరివాళ్ళు. ఆ చోట కోకా ఆకులు పరిచి, సారా పోసి మొక్కారు. సెనోబియా మొక్కలేదు. అమ్మమ్మ పావడా పట్టుకుని నిలబడింది.

అప్పట్నుంచి ఆమెకు కరెంటంటే హడలు. ఊళ్ళో సాయంత్రం పూట డీజిల్ యంత్రం ఆడించి దీపాలు వెలిగించే రోజుల్లో కూడా స్విచ్ మీద వేలు పెట్టేది కాదు. చెక్క గరిటెతో నొక్కేది. భర్త అనిసెతో చూసి నవ్వుకునేవాడు. ఆయన పని కింద రాగి గనిలో. కొండ దిగాడంటే వారాల తరబడి రాడు. ఇంట్లో మిగిలేది ఆమె, గోడ అవతలి ఇంట్లో ఆయన అక్క ఒబ్దులియా.

ఒబ్దులియా పెళ్ళి చేసుకోలేదు. మగ్గం ముందు కూర్చుంటే ఆమెను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. నోరు తెరిచినా అంతే.

"ఏం పిల్లా, గరిటెతో దీపం వండుతున్నావా? ఉప్పు సరిపోయిందో లేదో చూడు!" అనేది.

ఊరి ఊట సన్నగిల్లిపోయాక బోరు వేశారు. దానికి మోటారు, మోటారుకు సోలార్ పలకలు పెట్టారు. ఇనప చట్రం మీద రెండు వరుసలు, ఆ దేశంలో ఎండ పడే ఉత్తరం వైపుకు వాలి, పొద్దస్తమానం ఎండ తాగుతూ ఉంటాయి. వాటిని చూసుకునే మనిషి ఒకరు కావాలని ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒబ్దులియా లేచింది.

"మా మరదలు లేదూ? కరెంటును దానికంటే జాగ్రత్తగా చూసేవాళ్ళు ఎవరున్నారు? గరిటె కూడా సొంతదే తెచ్చుకుంటుంది!"

అందరూ పడీ పడీ నవ్వారు. ఊరిపెద్ద మాత్రం నవ్వలేదు. చలికాలం రాగానే సగం ఊరు కింది పట్నానికి దిగిపోతుంది. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవాళ్ళు కొందరే. వాళ్ళలో ముసలివాళ్ళను తీసేస్తే ఎవరు మిగిలారు? వేళాకోళంగా పడిన పేరు నిజంగా ఖాయమైపోయింది. అంతమందిలో "నాకు భయం" అని చెప్పడానికి సెనోబియాకు నోరు రాలేదు.

పని నేర్పడానికి పట్నం నుంచి మారిసోల్ అనే ఇంజనీరు వచ్చింది. వయసులో చిన్నది, ఓపిక గల పిల్ల. మొదటి రోజే సెనోబియా పలకలకు దూరంగా జరగడం చూసి, పనిముట్లు పక్కన పెట్టేసి నేల మీద కూర్చుంది.

"ఈ పలక మూలంలో ఇసకే అక్కా. ఇసకను కరిగించి, శుద్ధి చేసి, పల్చటి బిళ్ళలుగా కోస్తారు. ఒక్కో బిళ్ళలో రెండు పొరలు. ఒకదాంట్లో ఎలక్ట్రాన్లు కాస్త ఎక్కువ ఉండేలా, రెండోదాంట్లో తక్కువ ఉండేలా చేస్తారు. రెండు పొరలూ కలిసేచోట ఒక వాలులాంటిది ఏర్పడుతుంది. ఎండ తగలగానే ఎలక్ట్రాన్లు ఉన్నచోటు నుంచి ఊడి లేస్తాయి. ఆ వాలు వాటన్నిటినీ ఒకే వైపుకు తోస్తుంది. మనం తీగ కలిపామనుకో, ఆ దారిన చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వస్తాయి. ఆ తిరగడమే కరెంటు."

"మంద బెదిరి లేస్తే, దొడ్డికి ఒక వైపే తలుపు తీసినట్టా?"

"అదే! ఒక్కో పలక తోసేది కొంచెమే. వరసగా ఒకదానికొకటి తగిలిస్తే ఆ తోపుడంతా కలిసొస్తుంది. మోటారు తిరగాలంటే అంత బలం కావాలి. కానీ మనిషి ప్రాణం తియ్యడానికి కూడా అది చాలు. అది మర్చిపోవద్దు."

"ఆపాలంటే?"

"ఇదిగో, ఈ పెట్టెలో స్విచ్. ఇది దించితే మోటారుకు పోదు."

"మరి పలకల్లో?"

మారిసోల్ తలెత్తి పలకల వైపు చూసింది. "పలకల్లో వెలుతురున్నంతసేపూ ఉంటుందక్కా. ఎండను ఆపే స్విచ్ లేదు."

"దుప్పటి కప్పితే?"

భయంతో అడిగిన ఆ మాటకు మారిసోల్ నవ్వలేదు. "ఆగుతుంది. కానీ మందపాటిది కావాలి, వెలుతురు చొరబడకూడదు. ఒకటి రెండు కప్పితే లాభం లేదు, వరసంతా కప్పాలి."

సెనోబియా పనిలోకి దిగింది. రబ్బరు బూట్లు వేసుకుని, ఉప్పునేలల నుంచి గాలి మోసుకొచ్చి పలకల మీద పోసే ఉప్పుదుమ్మును పొద్దెక్కకముందే తుడిచేది. తుడుస్తున్నంతసేపూ పెదాలు కదులుతూ ఉండేవి. మేరీమాతకు ఒక ప్రార్థన, భూతల్లికి ఒకటి. ముందువైపు అద్దంలా మెరిసేది. చట్రం వెనక్కి, తీగలన్నీ వేలాడే ఆ నీడలోకి మాత్రం ఎప్పుడూ వంగి చూసేది కాదు. చూడాలని తెలుసు. కాళ్ళు సాగేవి కావు.

ఆ రోజు పక్క ఊళ్ళో పునీతుడి పండగ. ఊరంతా డప్పులు, బాకాలు పట్టుకుని తెల్లారకముందే కదిలింది. మిగిలింది సెనోబియా, సంతకు దుప్పట్లు పూర్తి చెయ్యాల్సిన ఒబ్దులియా, చెవులు సరిగ్గా వినపడని అనాక్లెతో తాత. తల్లి చచ్చిపోయిన లామా పిల్ల ఒకదాన్ని ఒబ్దులియా సీసాపాలు పట్టి పెంచుతోంది. మధ్యాహ్నం అది కనపడక, మగ్గం వదిలి వెతకడానికి వెళ్ళింది.

సెనోబియా పొయ్యి మీద కినువా గింజల జావ కలుపుతోంది. మోటారు రొద రోజూ చెవిన పడేదే. అది ఒక్కసారి సన్నబడి, మళ్ళీ లేచి, మళ్ళీ సన్నబడింది. గరిటె జావలోనే వదిలేసి బయటికి వచ్చింది.

నీళ్ళ తొట్టి పక్కన, చట్రం కింద ఒబ్దులియా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి భుజం దాకా ఇనప కడ్డీల మధ్య దూరి ఉంది. ఏదో వెతుకుతోంది కాబోలు అనుకుంది సెనోబియా.

"వదినా! పిల్ల దొరికిందా?"

పలుకు లేదు. ఇంకాస్త దగ్గరికి వెళ్ళింది. ఒబ్దులియా నోరు తెరుచుకునే ఉంది. గొంతులోంచి తిరగలి రాయి ఒరుసుకున్నట్టు చప్పుడు వస్తోంది. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. కడ్డీల అవతల లామా పిల్ల కాళ్ళు చాపుకుని కట్టెలా పడి ఉంది. దాని మెడతాడు చట్రానికి చుట్టుకుంది. ఉన్ని కమిలిన వాసన గుప్పుమంది.

సెనోబియా చెయ్యి చాచబోయి ఆగింది. తొట్టి కారి ఒబ్దులియా మోకాళ్ళ కింద నేలంతా బురద. అందులో ఇంకొక్క అడుగు వేస్తే తనూ అంతే. వెనక్కి తిరిగి పెట్టె దగ్గరికి పరుగెత్తి స్విచ్ దించింది. మోటారు ఆగింది. అమ్మయ్య అనుకుంటూ తిరిగి చూసింది.

ఒబ్దులియా అలాగే ఉంది. ఆ చప్పుడు అలాగే వస్తోంది.

అసలు జరిగింది తర్వాత తెలిసింది. బండల్లో తిరిగే విస్కాచాలు, కుందేళ్ళలాంటివి, చట్రం వెనక చల్లగా ఉంటుందని చేరి తీగ పైతోలు కొరికేశాయి. రాగి వెళ్ళి ఇనుముకు తగిలింది. బోరు లోపల ఇంకో తీగ నీళ్ళకు నాని ఉంది. చట్రం నుంచి ఒబ్దులియా ఒంట్లోకి, ఒంట్లోంచి తడి నేలకు, నేలలోంచి బోరుకు, అక్కణ్నుంచి మళ్ళీ పలకలకు కరెంటు తన దారి తను చూసుకుంది. పెట్టెలో స్విచ్ తెంపేది ఒక్క తీగనే, అది ఆ దారిలో లేదు. ఇదేదీ అప్పుడు సెనోబియాకు తెలియదు. నడినెత్తిన ఎండ ఉంది, దాన్ని ఆపే స్విచ్ లేదు. తెలిసింది అంతే.

దొడ్డికి అడ్డం పెట్టే కర్ర తెచ్చి, పొడి నేల మీద నిలబడి ఒబ్దులియాను పక్కకు నెట్టింది. కదల్లేదు. చెయ్యి రెండు కడ్డీల మధ్య ఇరుక్కుని, వేళ్ళు ఇనుమును పట్టేసుకున్నాయి. ఇంకా గట్టిగా నెడితే భుజం విరిగేట్టుంది.

"తాతా! అనాక్లెతో తాతా!" అని అరిచింది. ఆ చెవులకు ఏం వినపడుతుంది?

ఒబ్దులియా ఇంట్లోకి పరుగెత్తింది. సంతకు మడత పెట్టిన దుప్పట్లు మగ్గం పక్కన దొంతరగా ఉన్నాయి. దట్టమైన లామా ఉన్ని. చేతికి వచ్చినన్ని ఎత్తుకొచ్చింది. చట్రానికి తన ఒళ్ళు తగలకుండా విసరాలి. మొదటిది విసిరింది. నున్నటి అద్దం మీది నుంచి జారి కాళ్ళ దగ్గర పడింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే దుప్పటి కొసల్లో రాళ్ళు మూటగట్టి, పై అంచు దాటి అవతల వేలాడేలా మళ్ళీ విసిరింది. ఈసారి నిలిచింది.

"కాసేపాగు తండ్రీ, కాసేపు ఆవలికి చూడు" అని పైకే సూర్యుణ్ని వేడుకుంటోంది. ఇంకొకటి. మరొకటి. ప్రతిదాని తర్వాతా వదిన వైపు చూసింది. ఏ మార్పూ లేదు. దుప్పట్లు అయిపోయాయి. పలకలు ఇంకా మిగిలే ఉన్నాయి. సొంత ఇంట్లోకి పరుగెత్తి మంచం మీది గొర్రెతోళ్ళు, అనిసెతో గొంగడి, తలుపు తెర, ఏది దొరికితే అది లాక్కొచ్చింది. ఒంటి మీది శాలువా కూడా విసిరింది.

గొర్రెతోలు పడ్డాక ఆ గొంతు చప్పుడు ఆగింది. చచ్చిపోయి ఆగిందా, కరెంటు పోయి ఆగిందా? గొంగడి పడింది. తెర పడింది. అప్పుడు ఒబ్దులియా వేళ్ళు ఒక్కొక్కటే వీడాయి. చెయ్యి జారింది. మనిషి బురదలో ఒరిగిపోయింది.

అప్పటికీ ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. కర్రతో ఆ చెయ్యి బయటికి తోసి, పావడా అంచు పట్టుకుని పొడి నేల మీదికి ఈడ్చింది. ఊపిరి ఉన్నట్టు లేదు. మారిసోల్ నేర్పినట్టు రెండు చేతులూ రొమ్ము మీద పెట్టి నొక్కింది. "వదినా, తిట్టు. ఒక్క మాట తిట్టు వదినా" అంటూ నొక్కుతూనే ఉంది. ఎంతసేపటికో ఒబ్దులియా పెద్దగా ఒగర్చి, పక్కకు తిరిగి కక్కుకుంది.

అనాక్లెతో తాతను భుజం పట్టి కుదిపి లేపుకొచ్చి, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆయన పాత లారీలో ఆమెను పడుకోబెట్టారు. సెనోబియా ఎక్కబోతుంటే ఒబ్దులియా కళ్ళు తెరిచింది.

"సంత దుప్పట్లు... బురదలో వేశావుటే?"

"వేశాను వదినా."

"దరిద్రపుదానా" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అంతలో గాలి మొదలైంది. పడమటి నుంచి రోజూ వచ్చేదే. ఒక దుప్పటి కొస లేచి పడింది. సెనోబియా లారీ మెట్టు మీద కాలు పెట్టి అలాగే నిలబడిపోయింది. తను వెళ్ళిపోతే దుప్పట్లు ఎగిరిపోతాయి. పండగ నుంచి దాహంతో వచ్చేవాళ్ళు తిన్నగా తొట్టి దగ్గరికే వస్తారు, పిల్లలు ముందు పరుగెత్తుకొస్తారు. కాలు దించింది.

"మీరు పోండి తాతా" అని చేత్తో సైగ చేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె అనుభవించిన భయం పిడుగు రోజున కూడా లేదు. పిడుగు ఒక్క క్షణం. ఇది పొద్దు వాలేదాకా. గాలి దుప్పటి లేపిన ప్రతిసారీ కింద నల్లటి పలక తళుక్కుమనేది. కర్రతో అదిమి, కొసలకు ఇంకా రాళ్ళు కట్టి, మళ్ళీ దూరం జరిగేది. లారీలో వదిన బతికుందో లేదో తెలియదు. అడగడానికి మనిషి లేడు. వెలుతురు పూర్తిగా తగ్గుతుండగా కొండ మలుపులో డప్పులు వినపడ్డాయి. ఆమె ఎదురు పరుగెత్తి, దారికి అడ్డంగా చేతులు చాచి, "రావద్దు! ఎవరూ తొట్టి దగ్గరికి రావద్దు!" అని గొంతు పగిలేలా అరిచింది. ముందు తాగి వాగుతోందనుకున్నారు. లామా పిల్లను చూశాక డప్పులు ఆగిపోయాయి.

ఒబ్దులియా బతికింది. కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. మిగిలినవి సరిగ్గా ముడుచుకోవు. మగ్గం మూలన పడింది. మారిసోల్ వచ్చి తీగలన్నీ ఇనప గొట్టాల్లో వేయించి, కరెంటు నేలలోకి కారితే పసిగట్టే పరికరం పెట్టించింది.

"నేనెప్పుడూ వెనక్కి వంగి చూడలేదు. భయమేసి చూడలేదు" అంది సెనోబియా ఆమెతో.

"మేమూ మొదట్లోనే గొట్టాలు వెయ్యాల్సింది అక్కా" అని మారిసోల్ తల వంచుకుంది.

ఒబ్దులియా ఆసుపత్రి నుంచి వచ్చాక సెనోబియా ఆమె దగ్గర కూర్చుని, "ఈ పని మానేస్తాను వదినా" అంది.

"మానెయ్. కానీ మోటారు చూసేవాళ్ళు లేకపోతే నాకు కొండ కింది ఏటి నుంచి నీళ్ళు నువ్వే మొయ్యాలి. నాకు చెయ్యి లేదు." ఒబ్దులియా అటు తిరిగి అంది, "నేను మాత్రం చచ్చినా అటు అడుగు పెట్టను. కలలో కూడా ఆ ఇనుము నన్ను వదలట్లేదు."

ఆమెకు కూడా భయం ఉంటుందని సెనోబియా ఎన్నడూ అనుకోలేదు. కట్టు మీదుగా ఆ చేతిని ఒడిలోకి తీసుకుంది.

సెనోబియా పని మానలేదు. ఇప్పుడు ముందు చూసేది వెనకవైపే. తెల్లారకముందు, ఇంకా చీకటి విడకుండానే చిన్న దీపం పట్టుకుని చట్రం కిందికి పాకుతుంది. గొట్టాలన్నీ తడిమి, కొరుకుడు గుర్తులు వెతుకుతుంది. వెతుకుతూ మాటిమాటికీ తల తిప్పి చూస్తుంది. ఆకాశం బూడిదరంగుకు తిరగగానే బయటికి వచ్చేస్తుంది, గుండె దడదడలాడుతూనే. దూరంగా నిలబడి ఊపిరి తీసుకుంటుంటే పడమటి కొండ నెత్తిన ఎండ పడి, ఒక్కో బండనూ తడుముతూ కిందికి దిగి వస్తుంది. అది వచ్చి పలకలను తాకేదాకా ఉండి, అప్పుడు ఇంటికి నడుస్తుంది.