మా అమ్మ గంప ఆగని వీధి

సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, దేశంలో లంచం అనేది ఇక ఆరు నెలలకు మించి బతకదని గట్టిగా నమ్మినవాడు మా జాలరిపేట మొత్తానికి ఒక్కడే. అది నేను. ఇంటర్‌తో చదువు ఆగిపోయినా శాఖా గ్రంథాలయంలో ఫ్యాను కింది కుర్చీ మాత్రం నాదే (తిరిగే ఫ్యాను అదొక్కటే, అందుకని తలుపులు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేవాణ్ణి). రాజ్యాంగం, ఆర్థికశాస్త్రం, తేనెటీగల పెంపకం, బీరువాలో ఏ వరసలో ఉంటే ఆ వరసలో చదివేశాను. దాంతో నా మాట తీరే మారిపోయింది. ఆటో నడిపే మా బావ "సముద్రం పోటు మీదుంది, ఈయేల పడవలెల్లవు" అంటే నేను "అంటే పరిస్థితులు ప్రతికూలంగా ఉన్నాయన్నమాట" అనేవాణ్ణి. "కాదు బావా, పోటు మీదుంది" అని మళ్లీ మొదటినుంచీ చెప్పేవాడు.

అలాంటి రోజుల్లో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయ్యాను. శుక్రవారం సాయంత్రంలోగా కులం సర్టిఫికెట్ తెచ్చివ్వాలి, లేకపోతే ఉద్యోగం నా వెనకున్నవాడికి పోతుంది. మా ఇంట్లో నెలజీతం ఎరిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. సోమవారం పొద్దున్నే మండలాఫీసుకి పరుగెత్తాను. ఆ సర్టిఫికెట్లు చూసే గుమస్తాగారిది గోదావరి వైపు. ఎవరొచ్చినా "రేపు రండి" అనేవారు కాబట్టి ఆయన అసలు పేరు మరిచిపోయి అందరూ రేపుగారనే పిలుచుకునేవారు. ఆయన కాగితం కదిపితేనే పైఅధికారి సంతకం పడేది. ఆయన ఎవర్నీ డబ్బు అడిగి ఎరగరు, ఆ మాట ఒప్పుకోవాలి. నా అర్జీలో పేట పేరు చూసి కళ్లజోడు పైకి నెట్టి, "ఆయ్, జాలరిపేటా? వంజరం బాగా పడతందంట కదండీ?" అన్నారు.

"పడుతోందండి."

"చందువా కూడానా?"

"అదీ పడుతోందండి."

ఆయన నా చేతుల వంక చూశారు. కుడిచేతిలో పెన్ను ఉంది, ఎడమచేతిలో ఏమీ లేదు. "రేపు రండి" అన్నారు.

మా పేటలో పని పడ్డవాడు తెల్లారగానే రేపుగారింటికి ఒక వంజరం పంపడం, మధ్యాహ్నానికల్లా కాగితం రావడం ఆనవాయితీ. గంప నెత్తిన పెట్టుకుని రోజూ ఆ వీధిలోనే చేపలమ్మే మా అమ్మకి అది తెలియనిదేం కాదు. "ఒక్క సేపే కదేట్రా. రేపొద్దున్నే ఇచ్చెత్తాను, పనైపోద్ది" అంది. నేను లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. పుచ్చుకోవడం ఎంత నేరమో ఇవ్వడమూ అంతే నేరమని, ఒక్క చేప ఊరికే ఆ గుమ్మం దాటినా ఈ ఉద్యోగం నాకొద్దని చెప్పాను. (ఎన్నికలప్పుడు మా పేటకొచ్చే నాయకులు మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఫోటోలు దిగేవారు. గంప ఖాళీ చేయించాకే దిగేవారు. నిండుగంప మోసిన పార్టీని నేనింతవరకు చూడలేదు. ఈ విషయం కూడా ఉపన్యాసంలో వాడుకున్నాను.) అమ్మ పొలుసు గీకుతూ అంతా విని, "సరేలే, ఇవ్వన్లే" అంది. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి నా వాదనాబలానికి నేనే మురిసిపోయాను.

మంగళవారమంతా ఫ్యాను కింద కూర్చుని పద్నాలుగు పేజీల విజ్ఞాపన రాశాను. మొదటి పేజీలో గ్రీకు దేశంలో ప్రజాస్వామ్యం పుట్టింది, అయిదో పేజీకి భారతదేశం చేరుకుంది, నా సర్టిఫికెట్ ఊసు పదకొండో పేజీలో వచ్చింది. బుధవారం ఇస్తే రేపుగారు దాన్ని చేత్తో ఎత్తి బరువు చూసి, "రేపు రండి" అన్నారు. గురువారం ఆయన ముఖం బాగా వాడిపోయి ఉంది. నా రాత లోపల పనిచేస్తోందనుకున్నాను. శుక్రవారం పొద్దున్న నన్ను గుమ్మంలో చూడగానే, "రండి బాబూ, కూర్చోండి" అన్నారు. సర్టిఫికెట్ సిద్ధంగా ఉంది! పైఅధికారి సంతకం తడి కూడా ఆరలేదు. దాంతోపాటు నా పద్నాలుగు పేజీలూ తిరిగి ఇచ్చేస్తూ, "బాగా రాశారండీ. రెండో పేజీ దాకా చదివాను" అన్నారు నీరసంగా.

సర్టిఫికెట్ తీసుకెళ్లి ఉద్యోగమిచ్చే ఆఫీసులో ఇచ్చేసి మా బావ ఆటో ఎక్కాను. "ఒక పెన్ను, పద్నాలుగు కాగితాలు. వ్యవస్థ దిగొచ్చింది బావా!" అని చెయ్యి ఊపుతూ తోటి ప్రయాణికులందరికీ కథంతా వినిపించాను. "దిగొత్తే దిగొచ్చింది గానీ సెయ్యి లోపలెట్టు బావా, లారీ వత్తంది" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మా గుమ్మంలో ఒకావిడ స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. రేపుగారి భార్య.

"మీ అబ్బాయి కాగితం ఇచ్చేశారమ్మా. ఆఫీసుకి ఫోన్ చేసి మరీ కనుక్కుని వచ్చాను" అంటోంది మా అమ్మతో. "ఇంకనైనా మా వీధిలోకి రండమ్మా. నాలుగు రోజులై మీరే కాదు, ఒక్కరి గంపా ఆగట్లేదు. 'మీ ఆయన మూలంగా మా పిల్లలు కూడా ఆనపకాయే తినాలా' అని పక్కింటావిడ గోడమీంచి అడిగిందండీ, ఆయ్! ఆ కాగితం కదిలేదాకా రోజూ ఆనపకాయేనని ఆయనకి చెప్పేశాను."

"అమ్మా, ఏం చేశావే?" అన్నాను.

"ఏటి సేత్తాను? సేప ఇవ్వొద్దన్నావు, ఇవ్వనేదు. ఊరికే ఇవ్వనేదు, డబ్బులికీ ఇవ్వనేదు. నా తోటోల్లకీ సెప్పాను, ఎందుకాగవని అడిగినోల్లకీ సెప్పాను. ఆపడం ఆయనకొక్కడికే వచ్చేటి? మాకూ వచ్చు."

అని కత్తిపీట ముందు కూర్చుని వంజరం ముక్కలు కోసింది. ధర రూపాయి తగ్గించలేదు, రూపాయి ఎక్కువా అడగలేదు. స్టీలు డబ్బాలో సగమే పట్టాయి. మిగతా వాటికి కాగితం కోసం చుట్టూ చూసి, నా చేతిలోంచి విజ్ఞాపన లాక్కుంది. "పనైపోయింది కదా, ఇదింకెందుకు?" అని పొట్లం కట్టేసింది. పైకి కనిపిస్తున్నది గ్రీకు దేశం. మొత్తానికి నా రాత రేపుగారింట్లోకి అలా ప్రవేశించింది. గుమ్మం దాటేముందు ఆవిడ నా వైపు తిరిగి, "మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి బాబూ" అంది.

ఆ ఉద్యోగంలోనే ఇప్పటికీ ఉన్నాను. సబ్బవరం వైపు కొత్త కాలనీలో ఇల్లు. నేను ఎవరి దగ్గరా పుచ్చుకోను, టీ కూడా నా డబ్బులతోనే తాగుతాను. కాకపోతే నిబంధన మొత్తం చదవనిదే కాగితం కదపను. చదువుతాను, అనుమానం వస్తుంది, మళ్లీ చదువుతాను. పోయిన నెల ఒక పొద్దున్న చేపలావిడ మా ఇంటి ముందు ఆగకుండా గంపతో చకచకా వెళ్లిపోయింది. మా ఆవిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయి నా వైపు తిరిగి, "ఎవరి పని ఆపారేంటి?" అంది. తగరపువలస నుంచి మూడుసార్లు వచ్చి వెళ్లిన ఒకావిడ అర్జీ గుర్తొచ్చింది. ఆవిడతో మూడుసార్లూ నేనన్నది ఏమిటో కూడా గుర్తొచ్చి, ఇడ్లీ సగంలో వదిలేసి ఆఫీసుకి పరుగెత్తాను.

మర్నాడు గంప ఆగింది. "నిన్న ఆగలేదేం?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"నిన్న సేపలు పడనేదు బాబూ, కాలీ గంప" అంది ఆవిడ, అంతకన్నా ఏమీ ఎరగనట్టు.

నిజంగా ఖాళీయో కాదో నేను అడగలేదు. చెప్పిన ధరకే, బేరమాడకుండా తీసుకున్నాను.