కోదాడను మొదట పెట్టించాను

మా కాలేజీ వాళ్లు ఏటా ఫ్లెక్సీలో నా మీసానికి రంగు వేస్తారు. నేను వేసుకోను. వాళ్లే కంప్యూటర్లో వేసేస్తారు. ఎంసెట్ ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా సూర్యాపేట బస్టాండు ఎదురుగా నల్లమీసాలతో నవ్వుతూ వేలాడుతుంటాను. కింద 'కెరీర్ గైడెన్స్ నిపుణులు' అని ఉంటుంది. బహువచనం గౌరవానికి. నెల తిరక్కుండానే ఎండకు మొహం వెలిసిపోతుంది, మీసం మాత్రం నిలుస్తుంది. దీని మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియదు.

మీకు చెప్పాలనుకున్నది మీసం గురించి కాదు. ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అలాగైతేనే ఈ పని నాకు చేతనవుతుంది. ఒక అమ్మాయి నన్ను నమ్మి తన ర్యాంకు కార్డు నా చేతిలో పెట్టింది. ఆ ర్యాంకును నేను నా కూతురి కోసం వాడుకున్నాను.

అమ్మాయిని స్వరూప అంటాను. అసలు పేరు అది కాదు. మార్చే ముందు ఆమెను అడగలేదు. ఆమె విషయాలు అడగకుండా నిర్ణయించడం నాకు అలవాటే.

పెన్‌పహాడ్ దగ్గర పల్లె వాళ్లది. తల్లి కూలికి వెళ్తుంది. స్వరూప మా జూనియర్ కాలేజీలో నా దగ్గరే లెక్కలు చదివింది. నా కూతురిదీ అదే సెక్షన్. నా కూతురికి ఫిట్స్. ఇంట్లో ఆ మాట అనం, 'ఒంట్లో బాగోలేదు' అంటాం. ఒకరోజు నేను పాఠం చెబుతుండగానే పడిపోయింది. చేతిలో చాక్‌పీసుతో అలాగే నిలబడిపోయాను. ఇనుము పట్టిస్తే తగ్గుతుందని పిల్లలు బండి తాళాల కోసం జేబులు తడుముకుంటుంటే, నా తాళాలే తీసిచ్చాను. స్వరూప అందరినీ నెట్టేసి, దాన్ని పక్కకు ఒత్తిగిలించి, తల కింద తన చున్నీ మడతపెట్టి, పక్కనే కూర్చుంది. వాళ్ల చిన్నాయనకు కూడా ఈ జబ్బు ఉందట. తేరుకున్నాక నా కూతురి కళ్లు ఎవరికోసమో వెతికాయి. నా కోసం కాదు.

ఆ వేసవిలో ర్యాంకులు వచ్చాయి. స్వరూప ర్యాంకుకు హైదరాబాదులో యూనివర్సిటీ కాలేజీలోనే కంప్యూటర్ సైన్స్ సీటు వస్తుంది. రావచ్చు కాదు, వస్తుంది. అంతకు ముందు ఏళ్లలో ఏ ర్యాంకు దాకా సీట్లు వెళ్లాయో నాకు కంఠతా వచ్చు. నా కూతురి ర్యాంకుకు కోదాడ దగ్గరి ప్రైవేటు కాలేజీ వస్తే అదృష్టం. నిద్ర తగ్గితే ఫిట్స్ వస్తాయని, తెల్లవారుజామున లేచి రోజూ బస్సెక్కడం కుదరదని డాక్టరు చెప్పాడు. అంటే హాస్టల్. గదికి ఇద్దరు. రెండో మనిషి ఎవరు?

వెబ్ ఆప్షన్ల సంగతి తెలియని వారికి చెబుతాను. కావలసిన కాలేజీలను ఇష్టం వచ్చిన వరుసలో పేర్చాలి. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మొదటిది రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది. పైన ఎంత పెద్ద కాలేజీ పెట్టినా కిందివాటికి నష్టం లేదు. ఈ మాట ఏటా తల్లిదండ్రులకు మైకులో చెబుతాను. స్వరూప ఆప్షన్లు పెట్టిన రోజు ఉదయమూ చెప్పాను. స్వరూప, వాళ్లమ్మ బస్సు దొరక్క మధ్యాహ్నం వచ్చారు. తప్పును ఆ బస్సు మీదికి తోసెయ్యాలని చాలాసార్లు ప్రయత్నించాను. కదల్లేదు.

ల్యాబులో నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వాళ్లిద్దరూ నా వెనక నిలబడ్డారు.

"సార్, హైదరాబాద్ ఫస్టు పెడదం. అది రాకుంటే కోదాడ" అంది స్వరూప.

"పైన రానివి పెడితే కిందివి కూడా చేజారుతయమ్మా. కంప్యూటర్ అట్లనే చూస్తది."

"నా ర్యాంకుకు రాదా సార్?"

"కష్టం."

వాళ్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సార్ చెప్పినంక ఇంకేంది బిడ్డా? సార్ బిడ్డ గూడ గాడికే పోతున్నదంటివి. తన బిడ్డను పాడు జేసుకుంటడా? నువ్వొక్కదానివే తెలివిగల్లదానివా?"

"గట్ల గాదే అమ్మా..." అని స్వరూప నా వైపు చూసింది. నేను స్క్రీన్ వైపు చూశాను. "మీరెట్లంటే అట్లనే సార్" అంది.

కోదాడను మొదట పెట్టాను.

ఆ తర్వాత ఆమెకు ఆ సీటే వచ్చింది. రాక ఏమవుతుంది, మొదట పెట్టింది అదే కదా. నా కూతురికీ వచ్చింది. హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడి ఇద్దరినీ ఒకే గదిలో వేయించాను. స్వరూపను ఎన్నడూ ఏమీ అడగలేదు, ఒక్క సాయం కూడా కోరలేదు. ఆ మర్యాద పాటించాను.

నాలుగేళ్లలో ఆమె నా కూతురిని ఎన్నిసార్లు ఒత్తిగిలించిందో నాకు తెలియదు. రెండో ఏడు మందు మార్చాక ఫిట్స్ ఆగిపోయాయి. ఆ సంగతి చెబుతూ నా కూతురు ఫోనులో ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకే కారణానికి ఏడ్చామా? ఆ కాలేజీకి చెప్పుకోదగ్గ కంపెనీలేవీ రాలేదు. నా కూతురికి హైదరాబాదులో ఉద్యోగం మా బావమరిది మాట సాయంతో వచ్చింది. స్వరూపకు బావమరుదులెవరూ లేరు. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో ధాన్యం లారీల తూకాలు కంప్యూటర్లో ఎక్కిస్తుంది.

హైదరాబాదులో చదివి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు అని నాలో నేనే వాదించుకుంటాను. వాదన బాగుంటుంది. కానీ ఆ ఏడు ఆ సీటు ఆమె కంటే వెనక ర్యాంకు వచ్చిన వాళ్లకు వెళ్లిందని నాకు తెలుసు. జాబితా రాగానే వెతికి చూశాను. ఎందుకు చూశాను? తప్పు చేశానో లేదో తేల్చుకోవడానికా, చేసిన తప్పు ఎంత పెద్దదో కొలుచుకోవడానికా? నా కూతురు ఏ బాత్రూములోనో తలుపు గడియ పెట్టుకుని పడిపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నా ఊపిరి ఆపేస్తుంది, మళ్లీ అదే రోజు వస్తే, అదే కుర్చీలో నన్ను కూర్చోబెడితే, ఏం చేస్తానో నేను ప్రమాణం చేసి చెప్పలేను, ఈ కాగితం మీద నాకు అన్నిటికంటే భయమేసే వాక్యం ఇదే.

మొన్న స్వరూప మిల్లుకు సెలవు పెట్టి వచ్చింది. చెల్లెలికి ర్యాంకు వచ్చింది, అక్క ర్యాంకు కంటే మంచిది. "సార్ దగ్గరికే పోదమని నేనే తీస్కొచ్చిన" అంది నవ్వుతూ. చెల్లెలు సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి కిందికి వెళ్లింది. ల్యాబులో మేమిద్దరమే మిగిలాం. పేజీ తెరిచాను. మొదటి ఆప్షన్ గడి ఖాళీగా ఉంది. కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఆమె నన్ను అనుమానించి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఇంకా నమ్ముతోంది. అదే భరించలేకపోయాను.

చెప్పేశాను. కంప్యూటర్ అలా చూడదని, ఆమెకు హైదరాబాదు వచ్చేదని, నాకది తెలుసునని. నా కూతురి గదిలో ఎవరో ఒకరు ఉండాలని అలా చేశానని. క్షమించమని అడగలేదు, అడిగితే పెద్దాయన మీద జాలిపడి క్షమిస్తుందేమోనని భయమేసింది. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. చెప్పడం అయిపోయాక గుండెల మీంచి ఏదో దిగి, గాలి సాఫీగా ఆడింది. సిగ్గుపడాల్సిన సమయంలో నాకు ముందుగా కలిగింది హాయి.

 ఆమె చేతిలోని సంచి టేబుల్ మీద పెట్టింది.

"కుర్చీలోంచి లేవుండ్రి సార్. చెల్లె ఆప్షన్లు నేను పెడ్త."