కుర్చీ కాదు, వోర్షా

ఫొటో తీసేవాడు నల్లటి తెర తెచ్చి వోర్షా తల మీదుగా కప్పేశాడు. "కదలకు. నువ్వో కుర్చీవనుకో," అన్నాడు. ఆమె కుర్చీ అయింది. ఒళ్లో పసి రాకుమారుడు, తెర కింద ఊపిరి బిగబట్టిన దాది. పేరుపెట్టి పిలిచే దిక్కే లేని ఇంట్లో, మొహం దాచుకోమంటే కొత్తగా నొచ్చుకునేదేముంది?

జర్మనీలో స్ప్రేవాల్డ్ కాలువల పల్లెల నుంచి బాలింతలను ఏరి, పాలివ్వడానికి రాజధానిలోని పెద్దిళ్లకు తీసుకుపోవడం అప్పటి రివాజు. కుచ్చుల పావడా, రెక్కల తలగుడ్డ తొడిగి, ఆ ఇంటి బిడ్డతో సహా బండిలో తిప్పేవారు. మా దాది అని చూపించుకోవడం వాళ్లకో గొప్ప. వోర్షా సొంత కూతురు లెంకా మాత్రం అమ్మమ్మ దగ్గర మేకపాలతో పెరిగింది.

తర్వాత యుద్ధం వచ్చింది, రాజులు పోయారు, భవనం మ్యూజియం అయింది. ముసలిదైపోయిన తల్లిని వెంటబెట్టుకుని లెంకా ఓ ఆదివారం అక్కడికి వెళ్లింది. గోడ మీద అదే ఫొటో. కింద ఇత్తడి రేకు నిండా బిరుదులు, చుట్టరికాలు. వాటిని వచ్చినవాళ్లకు వల్లించడం క్రోగ్మన్ అనే పెద్దాయన పని.

"తల్లి వైపు నుంచి రాజుగారికి మేనల్లుడు. తండ్రి వైపు నుంచి ముగ్గురు డ్యూకులకు తమ్ముడి వరస. ఒకరి మొహం ఒకరు చూడకపోయినా ఉత్తరాల్లో 'ప్రియ సోదరా' అనే రాసుకునేవారు. అదండీ రాచ చుట్టరికం!"

"మరి దేని మీద కూచున్నాడండీ?" అడిగింది లెంకా.

"కుర్చీ మీదమ్మా. తెర కప్పారంతే."

"మీ కుర్చీలు పాలు కూడా ఇస్తాయా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. వోర్షా కూతురి చెయ్యి లాగింది. "నోర్ముయ్యవే. రైలు తప్పుతుంది, పద."

"ఉండమ్మా. వాడు తాగింది నాకు దక్కాల్సిన పాలు. మొహం చూడని రాజులు వాడికి అన్నలైతే, నేనేమవుతాను?"

కూతురు ఎప్పుడో ఒకనాడు ఈ మాట ఎత్తుతుందని వోర్షా ఇన్నేళ్లూ భయపడుతూనే ఉంది. ఎత్తింది. కానీ ఆ కోపం తన మీద కాదు.

ఆమె మెల్లగా ఫొటో దగ్గరికి నడిచింది. బిడ్డ నడుము దగ్గర తెర జారి, నాలుగు వేళ్లు కనిపిస్తున్నాయి. చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు గడ్డి కోస్తూ కొడవలికి తెగి అలా అతుక్కుంది. వోర్షా తన చెయ్యి ఎత్తి దాని పక్కన పెట్టింది.

క్రోగ్మన్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "అవ్వా... ఇన్నాళ్లూ కుర్చీ అనే చెప్పాను."

"నా పేరు వోర్షా. అక్కడ రాయించు."

"రేకు మార్చడం నా చేతుల్లో లేదు. అందులో రక్తసంబంధీకులకే చోటంటారు పైవాళ్లు."

"పాలు ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నారయ్యా, ఆకాశంలోంచా?" ఆ భవనంలో వోర్షా గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆ తర్వాత వోర్షా కన్నుమూసింది. రేకు ఇంకా మారలేదు. లెంకా ఏటా వెళ్లి అడుగుతూనే ఉంది. ఒక్కతే అడిగితే దాన్ని సణుగుడంటారు, నలుగురూ అడిగితే వినక చస్తారా? అటువైపు వెళితే ఆ ఫొటో ముందు ఆగండి, ఆ వేళ్లెవరివని గట్టిగా అడగండి. వెళ్లలేనివాళ్లు మీ ఇంటి గోడ మీది ఫొటో ఒకటి దింపండి. పిల్లల్ని ఎత్తుకున్న ఆ చేతులు ఎవరివో కనుక్కుని, పేరు రాసి, మళ్లీ తగిలించండి.